కేదార్‌కంఠ శీతాకాల ట్రెక్కింగ్: మైదానం నుంచి మంచుకొండకు బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ పశు విహార్ అభయారణ్యం పరిధిలో సుమారు 12,500 అడుగుల ఎత్తున నిలిచిన కేదార్‌కంఠ, నడిశీతాకాలంలో సైతం సామాన్యులు ఎక్కగలిగిన కొద్దిపాటి హిమాలయ శిఖరాల్లో ఒకటి. ఎత్తయిన కనుమ దారులు చాలావరకు నవంబరు దాటాక మంచుతో మూసుకుపోతే, ఈ కొండకు మాత్రం డిసెంబరు చివరి నుంచి మార్చి వరకు జనం వస్తూనే ఉంటారు. రానూపోనూ నడక సుమారు 20 కిలోమీటర్లే కావడం, తాళ్లు కట్టుకుని ఎక్కవలసిన రాతిగోడలు ఎక్కడా లేకపోవడం వల్ల హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ మొదటిసారి మంచులోకి వెళ్లేవారు ఎక్కువగా దీనినే ఎంచుకుంటున్నారు. ఆ ఎంపిక సరైనదే. అయితే సులువైన కొండ అన్న పేరు విని ఊటీకి వెళ్లినట్టు బయలుదేరేవారిని చూసినప్పుడు నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది.

ఎండలో పుట్టి పెరిగిన మనకు చెమట పట్టడం మేలు, నూలుబట్ట హాయి, గాలి తగిలితే ప్రాణం లేచివస్తుంది. మంచుకొండ మీద ఈ మూడూ తలకిందులవుతాయి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, అక్కడ మనిషిని పడగొట్టేది చలి ఒక్కటే కాదు, చలికి తోడైన తడి. ఈ మార్గదర్శిలో బట్టల గురించి చెప్పినా, నడక గురించి చెప్పినా, నిద్ర గురించి చెప్పినా, దాని వెనక ఉన్న లెక్క ఒంటిని పొడిగా ఉంచుకోవడమే.

ఈ పాఠాన్ని నేను మొదటి ప్రయాణంలో ఒంటితోనే నేర్చుకున్నాను. థర్మల్ లోపల అలవాటు ప్రకారం నూలు బనియన్ తొడుక్కుని, పైన లావుపాటి జాకెట్ వేసుకుని, నడక మొదలయ్యే సాంక్రీ గ్రామం నుంచి మొదటి రోజు మజిలీ అయిన జూడా కా తాలాబ్ చెరువు వరకు ఉత్సాహంగా ఎక్కాను. అక్కడ బ్యాగు దించి కూర్చున్న అయిదు నిమిషాలకు వీపు మీద చల్లటి తడిగుడ్డ పరిచినట్టయింది. పది నిమిషాలకు వేళ్లు కొంకర్లు పోయి, బ్యాగు జిప్పు లాగడానికి రెండు చేతులూ చాలలేదు. మా గైడు నా మెడ వెనక చెయ్యి పెట్టి చూసి, ఏమీ అడగకుండా నన్ను టెంటులోకి తీసుకువెళ్లి, పొడి బట్టలు కట్టించి, వేడి టీ తాగించాడు. బయట ఆరవేసిన ఆ బనియన్ సాయంత్రానికి అట్టముక్కలా బిగుసుకుని, పట్టుకుంటే నిలువుగా నిలబడింది.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు మొదటి వారాల్లో పైన మంచు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉత్తరాదికి శీతాకాలపు మంచునూ వాననూ తెచ్చేది మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే వాయు వ్యవస్థలు. వీటినే వాతావరణ శాఖ వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటుంది. అవి ఎప్పుడు బలంగా వస్తే అప్పుడు మంచు కురుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు దట్టంగా ఉంటుంది, చలి కూడా అప్పుడే తీవ్రం. మార్చిలో పగళ్లు కాస్త తేలికపడతాయి కానీ మధ్యాహ్నానికి మంచు మెత్తబడి మోకాలి వరకు కూరుకుపోతుంది. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం వరకు దారి నిండా జనమే కనుక, సెలవులు కుదిరితే ఆ రోజులు తప్పించడం మంచిదని నా అభిప్రాయం. మొదటిసారి వెళ్లేవారికి ఫిబ్రవరి మూడు, నాలుగు వారాలు అనుకూలంగా ఉంటాయి.

బయలుదేరే ముందు భారత వాతావరణ శాఖ హెచ్చరికలు వారం రోజుల పాటు వరసగా చూడండి. భారీ హిమపాతం సూచన ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే సరైన పని. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ ప్రాంతంలోని సహస్రతాల్ మార్గంలో హఠాత్తుగా వచ్చిన మంచు తుఫానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది మరణించారు. అది జూన్ నెల అన్న సంగతి గుర్తుంచుకోండి.

ఎనిమిది వారాల ముందు నుంచి చేయవలసిన సాధన

శిఖరం దగ్గర గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువే. ఆ లోటును సాధన పూడ్చలేదు, కానీ ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోవడం నేర్పుతుంది. మొదటి మూడు వారాలు వారానికి నాలుగు రోజులు చొప్పున వేగంగా నడిచి, తర్వాత మెల్లగా పరుగులోకి మారండి. ఎనిమిదో వారానికి 5 కిలోమీటర్లు 40 నిమిషాల లోపు ఆయాసం లేకుండా పరిగెత్తగలగాలి.

పరుగుకంటే మెట్లు ఎక్కువ మేలు చేస్తాయి. అపార్టుమెంటు మెట్లను 6 నుంచి 8 కిలోల బ్యాగు వీపున వేసుకుని అరగంట సేపు ఎక్కి దిగండి. తిరుపతికి దగ్గరలో ఉన్నవారికి ఇంతకన్నా మంచి అవకాశం ఉంది: అలిపిరి మార్గంలోని 3,550 మెట్లను సాధనలో భాగంగా ఒకసారైనా బ్యాగుతో ఎక్కి, వీలైతే కాలినడకనే దిగండి. దిగడం ముఖ్యమని ఎందుకంటున్నానంటే, కేదార్‌కంఠలో చాలామంది మోకాళ్లు పట్టుకుని కూర్చునేది ఎక్కేటప్పుడు కాదు, శిఖరం నుంచి ఒకే రోజు వేల అడుగులు దిగేటప్పుడు. తెలంగాణలో భువనగిరి కోట ఏకశిల ఉంది. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందినది ఆ బండ మీదే.

రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుడిని కలిసి, ఎత్తు సంగతీ చలి సంగతీ వివరంగా చెప్పి అనుమతి తీసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు మరో జాగ్రత్త పాటించాలి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగిన తర్వాత కూడా పనికిరాదు, కాబట్టి దానిని బ్యాగులో కాకుండా ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉంచుకోవాలి. చక్కెర కొలిచే యంత్రం కూడా గడ్డకట్టే చలిలో సరైన అంకె చూపకపోవచ్చు, దానినీ జేబులోనే ఉంచండి.

బట్టలు: పొరలు పొరలుగా

ఒక్క లావుపాటి స్వెట్టరు కంటే మూడు పలుచని పొరలు మేలు. పొరల మధ్య నిలిచిన గాలే వేడిని కాపాడుతుంది, పైగా నడిచేటప్పుడు ఒకటి విప్పి, ఆగినప్పుడు ఒకటి తొడుక్కోవచ్చు. ఒంటికి ఆనే మొదటి పొర చెమటను బయటికి పంపాలి కాబట్టి అది పాలిస్టరుదో మెరినో ఉన్నిదో అయి ఉండాలి. మన దుకాణాల్లో థర్మల్ పేరుతో అమ్మే వాటిలో నూలు కలిపినవి చాలా ఉంటాయి, లేబుల్ తిప్పి చదివి కొనండి. బనియన్లు, జీన్సు ప్యాంట్లు, నూలు సాక్సులు ఇంట్లోనే వదిలేయండి. లోదుస్తులు సైతం నూలువి కాకూడదు. ఈ మాట చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, రోజంతా తడిసి ఉండేవి అవే.

రెండో పొరగా ఫ్లీస్ జాకెట్ ఒకటి, వీలైతే పలుచనివి రెండు తీసుకోండి. ఆపైన ఈకలు కూరిన డౌన్ జాకెట్ కావాలి, కానీ అది నడకకు కాదు. ఈకలు తడిస్తే ముద్దగా అతుక్కుపోయి వేడిని నిలపలేవు. కనుక డౌన్ జాకెట్‌ను బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచుకుని, ఆగగానే తీసి తొడుక్కుని, నడక మొదలుపెట్టే ముందు విప్పేయండి. అన్నిటికీ పైన గాలినీ మంచునూ ఆపే రెయిన్ జాకెట్, దానితో పాటు నీరు ఇంకని ప్యాంటు ఉండాలి. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 20 లాగా తగులుతుంది. శిఖరం మీద ఈ బయటి పొర లేనివారు ఫొటో తీసుకునేంతసేపు కూడా నిలబడలేరు.

రాత్రికి మాత్రమే వాడే ఒక జత థర్మల్స్, ఒక జత ఉన్ని సాక్సులను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి విడిగా పెట్టండి. ఎంత ఇబ్బంది వచ్చినా పగటి నడకకు వాటిని వాడకూడదు.

కొన్నవాటిని కొండ మీద మొదటిసారి తొడుక్కోవద్దు. చింతపల్లి మండలంలోని లంబసింగికి డిసెంబరు తెల్లవారుజామున వెళ్లి, ఇవే బట్టలతో రెండు గంటలు నడిచి, అరగంట కదలకుండా కూర్చుంటే ఏ పొర చాలలేదో, ఎక్కడ చెమట నిలిచిందో అక్కడే తెలిసిపోతుంది. ఆదిలాబాదు చలి కూడా ఈ పరీక్షకు పనికి వస్తుంది. రేపటి హిమాలయానికి ఇది పూర్తి సరిజోడు కాదు, అయినా దుకాణంలో అద్దం ముందు తొడిగి చూసుకోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

పాదాలు, చేతులు, కళ్లు

బూట్లు చీలమండను కప్పేలా, నీరు ఇంకనివిగా, లావు సాక్సు తొడిగాక వేళ్లు ముందుకూ వెనక్కూ కదిలేంత చోటుతో ఉండాలి. బిగుతు బూటు రక్తప్రసారాన్ని ఆపి పాదాన్ని చల్లబరుస్తుంది కనుక చలికి రెండు జతల సాక్సులు కుక్కి తొడగడం పొరపాటు. బూట్లు కొని కనీసం 50 కిలోమీటర్లు నడిచి పాదానికి అలవాటు చేయండి. బూటు పైనుంచి మంచు లోపలికి రాకుండా మోకాలి కింద వరకు కట్టే గేటర్లు, గట్టి మంచు మీద జారకుండా బూటు అడుగున తగిలించే స్పైకులు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి. అద్దెకు తీసుకునేటప్పుడు అక్కడే మీ బూటుకు తగిలించి పది అడుగులు నడిచి చూడండి.

చేతులకు లోపల పలుచని గ్లోవ్స్, పైన నీరు ఇంకని లావువి వేసుకోవాలి. పలుచని జత అదనంగా ఒకటి పెట్టుకోండి, ఎందుకంటే ఒకటి తప్పకుండా తడుస్తుంది. తలకు ఉన్ని టోపీ, మెడకూ ముక్కుకూ కప్పుకోవడానికి మంకీ క్యాప్ సరిపోతాయి.

కళ్లజోడు అలంకారం కాదు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. కళ్లను కాచుకోకుండా నాలుగైదు గంటలు నడిస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండి, నీళ్లు కారి, వెలుతురు చూడలేని స్థితి వస్తుంది. పూర్తి అతినీలలోహిత రక్షణ ఉండి, పక్కలు మూసి ఉన్న నల్లద్దాలే తీసుకోండి. ముఖానికీ, గడ్డం కిందకూ సన్‌స్క్రీన్ రాయాలి, కింది నుంచి కూడా ఎండ కొడుతుంది.

సాంక్రీ వరకు ప్రయాణం

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ చేరడం మామూలు దారి. డిసెంబరు, జనవరిలలో ఉత్తరాది పొగమంచు వల్ల రైళ్లూ విమానాలూ గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. అందువల్ల ట్రెక్కు వాహనం ఎక్కే రోజుకు కనీసం ఒక రోజు ముందు డెహ్రాడూన్‌లో ఉండేలా టికెట్లు తీసుకోండి. తిరుగు ప్రయాణానికీ అంతే వ్యవధి పెట్టుకోవాలి.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ సుమారు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, నైన్‌బాగ్, డామ్‌టా, నౌగావ్, పురోలా, మోరీ, నైట్వాడ్ మీదుగా ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఉదయం ఆరు, ఏడు గంటలకల్లా బయలుదేరాలి. మెలికల దారి కనుక వాంతులయ్యేవారు ఎక్కడానికి ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోండి. పురోలా దాటాక ఏటీఎం మీదా, ఫోను సిగ్నలు మీదా ఆధారపడవద్దు. చిల్లరతో సహా నగదు దగ్గర పెట్టుకోండి, ఇంట్లోవారికి నాలుగైదు రోజులు ఫోను రాకపోవచ్చని ముందే చెప్పండి. రూపిన్, సుపిన్ నదులు కలిసి తోన్స్‌గా మారే నైట్వాడ్ దగ్గర అటవీ శాఖ తనిఖీ ఉంటుంది. గుర్తింపు కార్డు నకళ్లు రెండు మూడు, వైద్యుడి ధ్రువపత్రం చేతికి అందేలా ఉంచుకోండి.

విదేశాల నుంచి వచ్చే తెలుగువారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. అమెరికాలో, ఐరోపాలో కొండలకు వెళ్లేవారు వెంట తీసుకువెళ్లే ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలోనే వాటితో పట్టుబడి చిక్కుల్లో పడినవారున్నారు, కాబట్టి వాటిని ఇంట్లోనే వదిలి రండి.

గైడు లేకుండా వెళ్లే ఆలోచన శీతాకాలంలో చేయవద్దు. బృందాన్ని ఎంచుకునేటప్పుడు ధర తర్వాత అడగండి. ఎంతమందికి ఒక గైడు, ఆక్సిజన్ సిలిండరు ఏ క్యాంపులో ఉంటుంది, జబ్బుపడినవారిని కిందికి ఎవరు, ఎలా దించుతారు, వాతావరణం చెడితే శిఖరం రద్దు చేసే అధికారం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పినవారితోనే వెళ్లండి.

నడక: సాంక్రీ నుంచి బేస్ క్యాంపుకు

సాంక్రీ సుమారు 6,400 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి మొదటి రోజు పైన్, ఓక్ చెట్ల అడవిలోంచి సుమారు 9,100 అడుగుల ఎత్తునున్న జూడా కా తాలాబ్‌కు, రెండో రోజు సుమారు 11,250 అడుగుల బేస్ క్యాంపుకు చేరతారు. నడక మొదలుపెట్టేటప్పుడు కొద్దిగా చలివేస్తూ ఉండాలి. నిలబడి ఉండగా వెచ్చగా ఉందంటే, పది నిమిషాల నడకకే చెమట పట్టబోతోందన్నమాట. పక్కనున్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. ఆయాసంతో మాట తెగుతుంటే అడుగు నెమ్మదించండి. మెడ దగ్గర తేమ తగలగానే ఆగి ఒక పొర విప్పడానికి బద్ధకించవద్దు, బృందం ముందుకు పోతుందని మొహమాటపడవద్దు.

మనకు పొగమంచూ మంచే, గడ్డి మీది మంచుబిందువూ మంచే, హిమమూ మంచే. కొండ మీద ఈ ఒక్క మాట చాలదు. కొత్తగా కురిసిన పొడిమంచు మీద పాదం దిగి నిలుస్తుంది, జారదు. జనం తొక్కిన దారిలో కరిగి మళ్లీ రాత్రి గడ్డకట్టినది గాజుపలకలా ఉంటుంది. రాళ్ల మీదా, రోడ్డు మీదా నీడపట్టున కంటికి కనిపించకుండా పేరుకునే పలుచని పొరను అక్కడివారు పాలా అంటారు. గైడు ఆ మాట అనగానే స్పైకులు తగిలించుకుని, చేతికర్ర ముందుకు ఆనించి, పాదం మొత్తం ఒకేసారి నేలకు ఆనేలా పొట్టి అడుగులు వేయండి. దిగేటప్పుడు పడిపోతామని వెనక్కి వాలడం సహజం, కానీ అలా వాలితేనే కాళ్లు ముందుకు జారిపోతాయి. మోకాళ్లు కాస్త వంచి బరువు పాదాల మీదకు తెచ్చుకోవాలి.

జూడా కా తాలాబ్ గడ్డకట్టి కనబడినా దాని మీదకు వెళ్లవద్దు. మనిషి నడవాలంటే గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలని సాధారణంగా చెప్తారు. పైనుంచి చూసి ఆ మందం చెప్పడం ఎవరివల్లా కాదు, అంచుల దగ్గరా ఎండ పడేచోటా పొర పలుచగా ఉంటుంది.

దాహం వేయదు కాబట్టి నీరు తాగడం మరిచిపోతారు. అక్కడి గాలి పొడి, ప్రతి శ్వాసతోనూ తేమ పోతుంది. రోజుకు 3 నుంచి 4 లీటర్లు గుక్కలు గుక్కలుగా తాగండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర తెరుచుకుంటుంది. బ్యాగు నుంచి నోటికి వచ్చే గొట్టాలు గడ్డకట్టి మూసుకుపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. ఆకలి తగ్గినా తినాలి. మన ఇళ్లలో చేసే సున్నుండలు, నువ్వుల ఉండలు, పల్లీ పట్టీలు ఈ పనికి బ్రహ్మాండంగా పనికివస్తాయి. బరువు తక్కువ, శక్తి ఎక్కువ, పైగా క్యాంపులో పెట్టే పప్పూ రొట్టె సహించనప్పుడు నోటికి తెలిసిన రుచి తినాలనిపిస్తుంది. కారప్పొడి చిన్న డబ్బా కూడా పెట్టుకోండి.

రాత్రి

బేస్ క్యాంపులో జనవరి రాత్రులు మైనస్ 10 డిగ్రీలకు, కొన్నిసార్లు అంతకన్నా కిందికి దిగుతాయి. క్యాంపు చేరిన మొదటి పది నిమిషాల్లో చేయవలసిన పని ఒకటే: టెంటులోకి వెళ్లి పగటి బట్టలన్నీ విప్పి, ప్లాస్టిక్ సంచిలో దాచిన పొడి జత కట్టుకుని, డౌన్ జాకెట్ తొడుక్కోవాలి. ఫొటోలు, టీ, కబుర్లు ఆ తర్వాతే.

కింది నుంచి వచ్చే చలి పైనుంచి వచ్చేదానికన్నా ఎక్కువ. పడుకున్నప్పుడు ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగు వేడిని నిలపలేదు, కాబట్టి కింద పరిచే చాప మందంగా ఉండాలి, రెండు ఉంటే రెండూ పరవండి. స్లీపింగ్ బ్యాగు తనంతట తాను వెచ్చగా ఉండదు, మన ఒంటి వేడినే దాచిపెడుతుంది. కాబట్టి చలితో వణుకుతూ దానిలో దూరవద్దు. రాత్రి భోజనం చేసి, పది నిమిషాలు అటూ ఇటూ నడిచి, ఒళ్లు వెచ్చబడ్డాక లోపలికి వెళ్లండి. వేడినీళ్ల సీసాను మూత బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే ఉదయానికి తాగే నీరూ గడ్డకట్టదు. ముక్కు, నోరు బ్యాగులో దాచి పడుకుంటే ఊపిరి తేమ లోపలే చేరి తెల్లవారేసరికి తడిసిపోతుంది, ముఖాన్ని మంకీ క్యాప్‌తో కప్పి బయటే ఉంచండి.

ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంపు బ్యాటరీలు, పలుచని గ్లోవ్స్ అన్నీ మీతోపాటు స్లీపింగ్ బ్యాగులోకే రావాలి. బూట్లను ఒక సంచిలో చుట్టి తలవైపు టెంటు లోపలే పెట్టండి. బయట వదిలేసిన బూట్లను తెల్లవారుజామున రెండు గంటలకు తొడుక్కోవడం ఎలా ఉంటుందో చూశాను. తోలు చెక్కలా బిగుసుకుపోయి మడమ దిగదు, లేసులు ఇనుప తీగల్లా వంగవు, ముడి వేయడానికి గ్లోవ్స్ తీసిన రెండు నిమిషాలకే వేళ్లు మొద్దుబారతాయి.

ఎంత చలివేసినా టెంటులో గానీ, సాంక్రీలోని మూసిన గదిలో గానీ బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి వెలిగించి నిద్రపోవద్దు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ప్రతి శీతాకాలంలో ఉత్తరాదిలో కుంపటి వల్ల నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి.

రాత్రి మూత్రానికి లేవాలనిపిస్తే బద్ధకించకుండా వెళ్లి రండి, ఆపుకుని పడుకుంటే నిద్రా పట్టదు, చలీ తగ్గదు. టెంటు దూరమని నీరు తాగడం మానుకోవడం ఆడవారు ఎక్కువగా చేసే పొరపాటు, అది ఎత్తు జబ్బు లక్షణాలను మరింత పెంచుతుంది. నెలసరి తేదీకి దగ్గరగా ఉన్నా లేకపోయినా కావలసినవి తీసుకువెళ్లండి, ఎత్తులో తేదీలు మారడం సాధారణం. వాడినవి మూత బిగించే సంచిలో వేసి కిందికి తెచ్చేయాలి.

శిఖరం రోజు

తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో బయలుదేరతారు. అంత ముందుగా ఎందుకంటే, రాత్రి చలికి గట్టిపడిన మంచు మీద స్పైకులతో ఎక్కడం తేలిక. ఎండ ఎక్కాక అదే మంచు మెత్తబడి కూరుకుపోతుంది, మధ్యాహ్నం నుంచి గాలీ మబ్బూ పెరుగుతాయి. హెడ్‌ల్యాంపు వెలుగులో ముందువారి అడుగుజాడల్లోనే అడుగులు వేస్తూ, గైడు గీసిన దారి దాటకుండా నడవండి. చివరి వాలు నిటారుగా ఉంటుంది. అక్కడ ముప్పై అడుగులు వేసి ఒక్క నిమిషం నిలబడటం, మళ్లీ ముప్పై అడుగులు వేయడం అనే లెక్క పెట్టుకుంటే గుండె దడ తగ్గుతుంది. కూర్చోవద్దు, కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది.

సాధారణంగా 30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట, భారీగా మంచు కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లో హిమపాత చరియలు విరిగిపడే అవకాశం ఎక్కువ. గైడు ఆ రోజు వద్దంటే వాదించకండి.

శిఖరం మీద త్రిశూలాలు నాటిన చిన్న శివస్థానం ఉంది. అక్కడి నుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు కనబడతాయి. పాండవులు నడిచిన దారిగా మనం వింటూ పెరిగిన స్వర్గారోహిణి మీద తొలి ఎండ పడి, అంచులు ఎర్రబడి, ఆ వెలుగు మెల్లగా కిందికి జారుతుంటే చూసిన ఆ కొద్ది నిమిషాలు నాకు ఈనాటికీ కళ్లముందే ఉన్నాయి. చూడండి, చేతులు జోడించండి, అరగంటలోపు దిగడం మొదలుపెట్టండి.

ప్రమాద సంకేతాలు

ఎత్తు వల్ల వచ్చే జబ్బు తలనొప్పితో మొదలవుతుంది, దానితో పాటు వికారం, తల తిరగడం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. ఈ దశలో ఇంకా పైకి వెళ్లకుండా ఉన్నచోటే ఆగి, నీరు తాగి, విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, నురగతో దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడితే, తిక్కగా ప్రవర్తిస్తే, ఒక పాదం మడమను మరో పాదం వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడవలేక తూలితే మెదడుకు వాపు వస్తోందని అనుమానించాలి. ఈ రెండింటిలో ఏది కనబడినా అర్ధరాత్రి అయినా సరే తోడుతో వెంటనే కిందికి దింపాలి, ఆక్సిజనూ మందులూ దిగడానికి తోడు మాత్రమే. నివారణకు వాడే అసిటజోలమైడ్ మాత్రను సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివారికి అది ప్రమాదం కావచ్చు, కాబట్టి వైద్యుడు రాసిస్తేనే వాడండి. జబ్బు మొదలైంది దాచవద్దు. శిఖరం చేజారుతుందని తలనొప్పిని మాత్రతో కప్పిపుచ్చి పైకి వెళ్లడమే చాలా అనర్థాలకు మూలం.

ఒళ్లు చల్లబడిపోయే స్థితి వణుకుతో మొదలై, చేతులు పట్టు తప్పడం, కాళ్లు తట్టుకోవడం, మాట ముద్దగా రావడం వరకు వెళ్తుంది. వణుకుతున్న మనిషి హఠాత్తుగా వణకడం మానేసి, తనకు బాగానే ఉందని చెబితే అది తేరుకోవడం కాదు, అసలు ప్రమాదం అదే. తడి బట్టలు తీసి, పొడివి కట్టి, కింద చాప వేసి స్లీపింగ్ బ్యాగులో పెట్టి, తెలివిలో ఉంటే తీపి వేడి పానీయం ఇవ్వాలి. మద్యం ఇవ్వకూడదు, అది చర్మానికి రక్తాన్ని తెచ్చి లోపలి వేడిని బయటికి పంపుతుంది. వేళ్లు, ముక్కుకొస, చెవులు తెల్లగా పాలిపోయి స్పర్శ పోతే మంచుతో గానీ చేత్తో గానీ రుద్దవద్దు, నిప్పుకు చూపవద్దు. క్యాంపులో మళ్లీ గడ్డకట్టే అవకాశం లేదనుకున్నప్పుడే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుడి దగ్గరకు చేర్చాలి. సిగ్నలు దొరికిన చోట అత్యవసర సహాయానికి 112కు ఫోను చేయవచ్చు.

దిగిన తర్వాత

దిగే రోజు స్పైకులు తొందరపడి విప్పవద్దు, అడవిలో నీడపట్టున పాలా మధ్యాహ్నం వరకు ఉంటుంది. బిస్కెట్ కాగితాలు, తడి టిష్యూలు, వాడిన బ్యాటరీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని సాంక్రీ వరకు మోసుకురండి. ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్లదు, మంచు కరిగాక అది కిందనున్న సౌడ్, సాంక్రీ గ్రామాల నీటిలోకే చేరుతుంది.

ఇంటికి చేరిన రోజే బ్యాగు విప్పండి. బూట్లలోని అట్టలు తీసి, లోపల పాత దినపత్రికలు కుక్కి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. స్లీపింగ్ బ్యాగునూ డౌన్ జాకెట్‌నూ విప్పి ఫ్యాను కింద పరచి, పూర్తిగా ఆరిన తర్వాత, కుక్కకుండా వదులుగా పెద్ద గుడ్డసంచిలో వేసి బీరువా పైన పెట్టండి. కోస్తా ఊళ్లలో ఉండేవారు వానాకాలంలో ఒకసారి వాటిని బయటికి తీసి గాలికి ఆరవేయాలి.